విమానం పోయేదాకా

సఖావత్ ఇంటి కొత్త కోడలు గాలితో మాట్లాడుతోందని ఎదురింటి సక్కుబాయి అన్నదట. ఆ సంగతి చంద్రమ్మ మోసుకొచ్చింది. తను కళ్ళారా చూడలేదట గానీ సక్కుబాయి చూసిందట. మేడ మీద బట్టలు ఆరేస్తూ, ఎదురుగా మనిషి లేకుండా, చెవి దగ్గర ఫోన్ లేకుండా, ఆ పిల్ల పెదవులు ఆడుతూనే ఉన్నాయట. మధ్యలో చెయ్యి తిప్పిందట. ఒకసారి తడి దుపట్టాని కోపంగా దులిపి, దాన్నే ఏదో అడిగిందట.

"మీ ఇంటి ముచ్చట నాకెందుకు లే సురయ్యక్కా," అంటూనే చంద్రమ్మ ప్రహరీ గోడ మీద మోచేతులు ఇంకాస్త వాటంగా ఆనించుకుంది. "కాని పిల్ల జర తేడాగ కొడ్తుంది. నికాకు ముందుగాల మంచిగ అడిగి తెలుసుకున్నరా? నేనైతే ఏమంటనంటే..."

ఏమంటుందో అక్కడికి ఆపేసింది. తూర్పు నుంచి విమానం వస్తోంది.

మంఖాల్‌లో ఇది మామూలే. ఎయిర్‌పోర్టులో దిగే విమానాలు ఈ ఇళ్ళ నెత్తి మీదుగా పోతాయి. ఆ మోతలో అరిచి లాభం లేదని ఊరికి ఎప్పుడో అర్థమైంది. ఎక్కడి మాట అక్కడ ఆపి, మోత పోయాక మళ్ళీ అక్కడే అందుకోవడం అందరికీ అలవాటైంది. బేరం మధ్యలో ఆగుతుంది, తిట్టు మధ్యలో ఆగుతుంది. కూరగాయల బండి ఉపేందర్ "వం" దగ్గర నోరు తెరిచి నిలబడిపోతాడు. "కాయ" విమానం వెళ్ళాక వస్తుంది. కొత్తగా ఇల్లు కట్టుకుని వచ్చినవాళ్ళు మొదట నవ్వుతారు. కొన్నాళ్ళకు వాళ్ళూ ఆగుతారు.

చంద్రమ్మ నోరు సగం తెరిచి ఆగిన ఆ సందులో సఖావత్ భార్య సురయ్యా తల తిప్పి మేడ మీదికి చూసింది.

కోడలు లుబ్నా అక్కడే ఉంది. దండెం మీద మొగుడి చొక్కా వేసి క్లిప్పు పెడుతూ మాట్లాడుతోంది. పెదవులు తీరిగ్గా, ఒక్కో మాటా విడివిడిగా కదులుతున్నాయి.

‘ఈ తల్లి పప్పు వండుతదా, ఉప్పు వండుతదా? నాలికె మీద తోలు లేచిపోతుంది. ఇంట్ల ఒక్కరన్న అనరు. అందరి నాలికెలు సచ్చిపోయినయా ఏంది?’

సురయ్యాకు చెవులు వేడెక్కాయి.

కాటేదాన్‌లో ప్లాస్టిక్ తుక్కు నలిపే కార్ఖానాలో ఆమె చాలా ఏళ్ళు పనిచేసింది. మిషన్ తిరుగుతుంటే పక్క మనిషి అరిచినా వినబడేది కాదు. అక్కడి ఆడవాళ్ళంతా పెదవులతోనే మాట్లాడుకునేవాళ్ళు. ఇళ్ళల్లో గొడవలు, కూరలు, సినిమాలు, అన్నీ అలాగే నడిచేవి. సూపర్‌వైజర్‌ని అతని ముందే నిలబడి నవ్వుతూ తిట్టుకునేవాళ్ళు. పని మానేసి ఎన్నేళ్ళైనా, కదిలే పెదవి కనిపిస్తే చాలు, సురయ్యాకు అది ఇప్పటికీ గొంతులా వినబడుతుంది.

విమానం పోయింది.

"...ఒకపారి దవాఖానల చూపియ్యుండ్రి అంట," అని చంద్రమ్మ తన మాట పూర్తి చేసింది.

"చూపిస్తం లే," అంది సురయ్యా. వంటింట్లోకి వెళ్ళి, పొయ్యి మీది పప్పు చెంచాతో కాస్త తీసి నాలుక మీద వేసుకుంది. ఏమో. పెళ్ళైన నాటి నుంచీ వేస్తున్న ఉప్పే.

*

మర్నాడు పప్పులో ఉప్పు సగానికి తగ్గింది. సఖావత్ మొదటి ముద్దకే తలెత్తాడు. తుక్కుగూడ చౌరస్తాలో ఆటోలకు సీటు కవర్లు కుట్టే మనిషి అతను. కుట్టు ఒక్కటి వదులైనా వేలితో తడిమి పట్టుకుంటాడు.

"ఉప్పేది?"

"బీపీ అంట. టీవీల చెప్తున్నరు."

"ఎవలకు బీపీ?"

"రాకముందుకే జాగర్త పడాలంట."

లుబ్నా తలొంచుకుని తింటోంది. గరిటె తీసుకుని రెండోసారి పప్పు వడ్డించుకుంది. ఈ ఇంటికి వచ్చాక ఆ పిల్ల రెండోసారి వడ్డించుకోవడం సురయ్యా ఎప్పుడూ చూడలేదు. ఇప్పుడూ చూడనట్టే మంచినీళ్ళు తాగింది.

ఆ తర్వాత ఆమెకు అదొక పనైంది. విమానం మోత దూరంగా మొదలవగానే చేతిలో పని ఆపి, కోడలు ఎక్కడుందో చూసుకునేది. పరిగి దగ్గరి పల్లె నుంచి వచ్చిన పిల్ల. సగం ఉర్దూ, సగం తెలుగు. పది మాటలు అడిగితే ఒక్కదానికి "అచ్ఛా అమ్మీ" అనే పిల్ల. విమానం కింద మాత్రం పెద్ద కచేరీ పెడుతోంది.

‘ఈ కిటికీ బియ్యం డ్రమ్ముకేనా, మనుషులకు గాలి వద్దా?’ అంది ఒకసారి వంటింట్లో. సాయంత్రానికి కిటికీకి అడ్డంగా ఉన్న డ్రమ్ము పక్కకు జరిగింది. జరిపింది సఖావత్. ఎందుకు జరపాలో అతనికి అర్థం కాలేదు. "చీమలు," అంది సురయ్యా.

‘బహూ అంటరు, దుల్హన్ అంటరు, ఏయ్ అంటరు. నాకొక పేరున్నదని ఎవలకన్న యాదికున్నదా?’ అంది ఇంకోసారి గోడకేసి.

చాయ్ తాగేటప్పుడు సురయ్యా "లుబ్నా" అని పిలిచింది. పిల్ల ఉలిక్కిపడి చాయ్ సాసర్‌లోకి ఒలకబోసుకుంది.

"ఏంది అమ్మీ?"

"ఏం లేదు. పిలిచిన."

కొడుకు దానిష్ గురించి అన్నది మాత్రం సురయ్యా చాలాసేపు మరిచిపోలేకపోయింది. దానిష్ ఎయిర్‌పోర్టు క్యాబ్ నడుపుతాడు. ఎక్కువగా రాత్రి గిరాకీలే. పొద్దున్నే వచ్చి, ఇంత తిని, దుప్పటి ముసుగు పెడతాడు. ఆ ముసుగు వైపు చూస్తూ లుబ్నా పెదవులు ఇలా అన్నాయి: ‘రాత్రంత గిరాకీలతోని మాట్లాడి వస్తడు, ఇంటికొచ్చి పంటడు. నేను గూడ పైసలిచ్చి కారెక్కితే మాట్లాడుతడేమో.’

సురయ్యాకు నవ్వు ఆగలేదు. లుబ్నా చటుక్కున వెనక్కి చూసింది. సురయ్యా దగ్గు తెచ్చుకుని, కొంగు అడ్డం పెట్టుకుని అవతలికి పోయింది.

ఆ రోజే కొడుకు నిద్ర లేచేదాకా కాచుకుని కూర్చుంది. "ఏంరా, లేచినంక జర పెండ్లాంతోని మాట్లాడరాదు?"

"ఏం మాట్లాడాలె అమ్మీ?" అన్నాడు దానిష్. ఎగతాళికి కాదు, నిజంగానే తెలియక అడిగాడు.

*

గాలి మారింది. విమానాలు అవతల శంషాబాద్ వైపు నుంచి దిగసాగాయి. ఇటు లేచేవి ఇళ్ళ దాకా వచ్చేసరికి ఎత్తుకు వెళ్ళిపోతున్నాయి. ఊరంతా ఆపకుండా మాట్లాడుకుంటుంటే లుబ్నా ఒక్కతే ముడుచుకుపోయింది. గిన్నెలు గట్టిగా పెట్టింది. కొత్తిమీర కాడల్ని పీకి పోగులు పెట్టింది. మాటిమాటికీ మేడ ఎక్కి తూర్పుకు చూసి దిగింది. పిల్ల గొంతులో మాటలు పేరుకుపోవడం సురయ్యాకు తెలుస్తూనే ఉంది. ఏం చెయ్యాలో మాత్రం తెలియలేదు.

మధ్యాహ్నం దానిష్ నిద్ర కళ్ళతో, జారుతున్న లుంగీ ఒక చేత్తో పట్టుకుని, వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చాడు.

"అమ్మీ, మిక్సీతోని మాట్లాడుతుంది!"

"ఎవలు?"

"లుబ్నా! జార్‌ల ఏం లేదు. ఉత్తగనే తిప్పుతుంది. తిప్పుకుంట దానికేదో చెప్తుంది. నేను జూసిన. అది ఆగంగనే నోరు మూసుకుంది!" అతని మొహం తెల్లబోయి ఉంది. "నాకు భయమైతుంది అమ్మీ. ఏమన్న సైకోనా ఏంది?"

అనేశాడు గానీ వెంటనే వంటింటి వైపు చూసి గొంతు తగ్గించాడు. అక్కడ మిక్సీ ఆగిపోయి ఉంది. జార్ కడుగుతున్న చప్పుడు మాత్రం వస్తోంది.

సాయంత్రానికి, రోగిని చూడ్డానికి పళ్ళు తెచ్చినట్టు, తలా ఒక మాట తెచ్చారు. సఖావత్ "అసర్" అన్నాడు. ఏ పాడుబడ్డ బావి పక్కనో నడిచి ఉంటుంది, ఏదో సోకింది, దర్గాకు తీసుకుపోయి తావీజు కట్టించాలి. చంద్రమ్మ "తేడా" నుంచి ముందుకు జరిగి "దిమాక్ కరాబ్" దాకా వచ్చింది. పక్కింటి జోగారావు, రత్నమాల పనిగట్టుకుని వచ్చారు. వాళ్ళది గుంటూరు వైపు. కరెంటు ఆఫీసులో రిటైరై ఇక్కడ స్థలం కొని ఇల్లు కట్టుకున్నారు. చుట్టుపక్కల ఎవరికి ఏ ఇబ్బంది వచ్చినా ఆయన అడగకముందే వస్తాడు. అది ఆయన మంచితనం.

"దీన్ని అబ్‌నార్మల్ బిహేవియర్ అంటారండీ," అన్నాడు జోగారావు కళ్ళద్దాలు తుడుచుకుంటూ. "భయపడాల్సిన పనేం లేదు. నాకు తెలిసిన డాక్టరున్నాడు. ఫోన్ చేసి చెబుతాను."

"పాపం, బంగారం లాంటి పిల్ల," అంది రత్నమాల. "కాస్త అదోరకం, అంతే."

సురయ్యా అందరికీ చాయ్ ఇచ్చింది. ఒక్కో మాట ఒక్కో రుచిగా ఉంది గానీ, ఏ మాట అన్నవాళ్ళైనా ఆ పిల్ల నుంచి ఒక అడుగు వెనక్కి జరుగుతున్నారు. దానిష్ పరుపు హాల్లోకి వచ్చింది. సఖావత్ నీళ్ళ చెంబు కోడలి చేతి నుంచి తీసుకునే ముందు ఏదో చదువుకుని ఊదుకున్నాడు. చంద్రమ్మ పెరుగు గిన్నె గోడ మీద పెట్టేసి, పిల్ల బయటికి వచ్చేలోగా లోపలికి పోయింది.

"పిల్ల మంచిగనే ఉంది," అంది సురయ్యా అందరూ వెళ్ళాక.

"నీకెట్ల తెలుసు?" అన్నాడు సఖావత్.

ఆమె ఖాళీ చాయ్ కప్పులు ఏరుకుంది.

"గందుకే," అన్నాడతను. "నేను వాళ్ళన్నకు ఫోన్ చేసిన, జోగారావు సారుతోని గూడ మాట్లాడిపిచ్చిన. జుమ్మా నమాజ్ అయినంక వస్తనన్నడు. తీస్కపోని. కొన్నాళ్ళు అమ్మగారింటి కాడ ఉంటది. మంచిగైనంక జూద్దం."

కొన్నాళ్ళంటే ఎన్నాళ్ళో ఇంట్లో ఎవరూ అడగలేదు. అలా వెళ్ళి తిరిగి రాని కోడళ్ళు ఆ వీధిలోనే ఇద్దరున్నారు.

*

మరునాడు పొద్దున గాలి మళ్ళీ తిరిగి విమానాలు నెత్తి మీదికి వచ్చేశాయి. సురయ్యా చాటలో బియ్యం ఏరుతోంది. ఎదురుగా లుబ్నా గోంగూర ఆకు తెంపుతోంది. అన్న వస్తున్న సంగతి పిల్లకు చెప్పారు. "అచ్ఛా" అంది, అంతే. కళ్ళు మాత్రం వాచి ఉన్నాయి.

మోత మొదలైంది. సురయ్యా చేతులు అలవాటుగా ఆగాయి. కళ్ళు అలవాటుగా లేచాయి. లుబ్నా ఆకు తెంపుతూనే, ఈసారి సూటిగా ఆమె వైపే చూస్తూ పెదవులు కదిపింది.

‘ఎప్పుడు జూడు నా మొఖమే జూస్తది ఈమె. వండితే జూస్తది, కడిగితే జూస్తది. ఈ మోత ఉన్నంతసేపన్న నన్ను ఇడిసిపెట్టరాదా?’

సురయ్యా తల దించుకుంది. బియ్యంలో రాయి లేకపోయినా వెతికింది. విమానం వెళ్ళిపోయి చాలాసేపైనా మెడ ఎత్తలేకపోయింది.

పప్పులో ఉప్పు తగ్గించినప్పుడు, డ్రమ్ము జరిపించినప్పుడు తను ఏదో మంచి చేస్తున్నాననుకుంది. ఇప్పుడు చూస్తే తలుపు సందులోంచి తొంగిచూసిన మనిషికీ తనకూ తేడా కనిపించలేదు. ఈ ఇంట్లో మూడు గదులున్నాయి. మూడింటిలోనూ మామ దగ్గో, మొగుడి గురకో, అత్త చూపో ఉంటుంది. పిల్లకు సొంతంగా దొరికింది విమానం కింద ఉన్న ఆ కాస్త చోటే.

తనకు అన్నీ తెలుసని చెప్తే పిల్లను పంపడం ఆపవచ్చు. ‘పిచ్చి కాదు, పప్పు ఉప్పగుంది అన్నది’ అంటే సరిపోతుంది. కానీ ఆ తర్వాత? నా గురించేమన్నది అని సఖావత్ అడుగుతాడు, నన్నేమన్నది అని దానిష్ అడుగుతాడు. పిల్ల ఇక ఈ ఇంట్లో విమానం కింద కూడా నోరు విప్పదు. నోరు విప్పని పిల్లను అందరూ మంచి కోడలంటారు. ఆ మాటకు మాత్రం ఎవరూ డాక్టర్ దగ్గరికి తీసుకుపోరు.

ఆ పూట ఇంకో విమానం వచ్చింది. సురయ్యా చాట తీసుకుని, అటు తిరిగి, వీపు పెట్టి కూర్చుంది. వెనక పిల్ల పెదవులు ఏమన్నాయో ఆమెకు తెలియదు. తెలుసుకోవాలని ఒళ్ళంతా తహతహలాడింది. తిరగలేదు.

*

శుక్రవారం నమాజ్ అయ్యాక లుబ్నా అన్న వచ్చాడు. బక్కపలచటి మనిషి, బండి మీద వచ్చి దుమ్ము కొట్టుకుని ఉన్నాడు. కుర్చీ అంచున కూర్చుని రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. పెద్దమనిషిగా జోగారావు వచ్చాడు. పెరుగు గిన్నె కోసమని చంద్రమ్మ వచ్చి, గిన్నె చేతికి అందాక కూడా గుమ్మం దగ్గరే నిలబడింది. దానిష్ గోడకు ఆనుకుని నేల చూస్తున్నాడు. వంటింటి గడప మీద లుబ్నా. పక్కన సర్దిన బ్యాగు.

"మా చెల్లె ఇంటికాడ మంచిగనే ఉండె," అన్నాడు అన్న. "మరి ఇక్కడికొచ్చినంక ఏమైందో. సారు ఫోన్‌ల ఏందో అన్నడు. అబ్..."

"అబ్‌నార్మల్," అని జోగారావు అందించాడు.

"అదే. అంటే ఏంది సార్? పిచ్చా?"

"ఛ ఛ, పిచ్చి వేరండీ." జోగారావు ముందుకు వంగి చూపుడు వేలు ఎత్తాడు. ఆయనకు వివరించడం ఇష్టం. "అబ్‌నార్మల్ అంటే నలుగురూ చేసేట్టు చెయ్యకపోవడం. అందరూ మాట్లాడేటప్పుడు ఊరుకోవడం, అందరూ ఊరుకున్నప్పుడేమో..."

విమానం వచ్చింది.

జోగారావు వేలు గాల్లో ఆగింది. సఖావత్ పెదవి దాకా తెచ్చిన చాయ్ కప్పుతో ఆగిపోయాడు. చంద్రమ్మ చేతిలో గిన్నెతో, దానిష్ చూపు నేల మీదే పెట్టి, అందరూ ఉన్నవాళ్ళు ఉన్నట్టు ఆగారు. ఒక్క అన్న మాత్రం ఆగలేదు. ఈ ఊరి సంగతి తెలియని మనిషి, చేతులు తిప్పుతూ, మెడ నరాలు ఉబ్బేలా ఏదో చెబుతూనే ఉన్నాడు. చంద్రమ్మ అతని నోటి వైపు చూసి, ఇంటివాళ్ళ వైపు చూసి, కళ్ళతోనే ‘వీడు గూడానా’ అన్నది.

సురయ్యా గడప వైపు చూడకూడదనుకుంది. అయినా చూసింది. లుబ్నా పెదవులు గట్టిగా బిగుసుకుని ఉన్నాయి. నెత్తి మీద అంత మోత ఉన్నా ఆ పిల్ల ఏమీ అనడం లేదు. మంచి కోడలిలా ఉంది.

అప్పుడు సురయ్యా నోరు తెరిచింది.

ముందు సఖావత్ వైపు తిరిగింది. నీ దగ్గుకు నా నిద్ర పోయి ఎన్నేండ్లైందో నువ్వెప్పుడన్న అడిగినవా అంది. చంద్రమ్మతో, నీ పెరుగు పులుపే, నీ మొఖం జూసి తింటున్నం అంది. జోగారావుతో, మీ బోరు నీళ్ళన్ని మా గోడకే వస్తున్నయి సారూ, జర ఆ పైపు దిక్కు గూడ జూడుండ్రి అంది. దానిష్‌తో, పెండ్లాంతోని మాట్లాడనీకి గూడ బుకింగ్ రావాల్నారా నీకు అంది. కార్ఖానాలో ఆడినట్టే ఆడుతున్నాయి పెదవులు. చేతులు కూడా వాటంతట అవే లేచాయి. ఎన్నాళ్ళుగా ఎక్కడ దాక్కున్నాయో ఆ మాటలన్నీ ఒకదాని వెనక ఒకటి బయటికి వస్తుంటే ఛాతీలో బరువు దిగుతోంది. పిల్లకు ఇది ఎందుకు కావాల్సి వచ్చిందో ఆమెకు ఇప్పుడు, ఈ నిమిషంలో తెలిసింది.

చివరకు గడప వైపు తిరిగి, ‘ఉప్పు ఇగ నువ్వే వెయ్యి బిడ్డా. వంటింట్లకు నేను మొఖం పెట్ట,’ అంది.

లుబ్నాకు పెదవులు చదవడం రాదు. కానీ అత్త ఏం చేస్తోందో అర్థమైంది. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి. మోత తగ్గుతున్న కొద్దీ ఆ నవ్వు చప్పుడు బయటపడింది. దానిష్ తల ఎత్తి పెళ్ళాం వైపు చూశాడు. అతను ఆ చప్పుడు వినడం అదే మొదటిసారిలా ఉంది.

"...గట్లనే ఉంటది మా చెల్లె," అని అన్న గొంతు ఒక్కసారిగా గది నిండా వినబడింది. అతను కంగారుపడి ఆపాడు.

జోగారావు వేలు ఇంకా గాల్లోనే ఉంది. తన వాక్యం ఎక్కడ ఆగిందో వెతుక్కుంటున్నట్టు కాసేపు చూసి, మెల్లగా వేలు దించాడు. సఖావత్ కప్పు కింద పెట్టి, భార్యను కొత్తగా అద్దెకొచ్చిన మనిషిని చూసినట్టు చూస్తున్నాడు.

"సురయ్యమ్మగారూ," అన్నాడు జోగారావు జాగ్రత్తగా, డాక్టర్ దగ్గర మాట్లాడే గొంతుతో. "ఇప్పుడు మీరు... ఏదో అన్నారు. మాకు ఒక్క ముక్క వినబడలేదండీ."

సురయ్యా వంగి, గడప దగ్గరి బ్యాగు తీసి చంకన పెట్టుకుంది.

"వినబడొద్దనే అన్న, సారూ. లుబ్నాను తోలేదుంటే, అదే బండి మీద నన్ను గూడ మా అమ్మగారింటికి తోలియ్యుండ్రి."